సగం ఉష్బా

మా వసారాలో నిలబడితే ఉష్బా కొండ సగమే కనిపిస్తుంది. ఆ కొండకు రెండు శిఖరాలు. ఎక్కడెక్కడి వాళ్ళో వీపున సంచులు వేసుకుని మా ఊరికి వచ్చేది ఆ రెండింటినీ పక్కపక్కన చూడటానికే. మా ఇంట్లో దిగినవాళ్ళు పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని వసారాలోకి వచ్చి, ఒక శిఖరాన్ని చూసి మురిసిపోయి, రెండోది ఎక్కడని నన్ను అడిగేవారు. రెండోది మా తోడికోడలి బురుజు వెనకాల ఉందని నేను చెప్పాల్సి వచ్చేది. ఆ ముక్క రోజూ నా నోటితో నేనే చెప్పేదాన్ని.

మేం స్వానులం, కొండజాతి వాళ్ళం. మా ఊళ్ళలో పాత వంశాలన్నిటికీ ఇలాంటి రాతి బురుజులున్నాయి. వంశాల మధ్య పగలు రగిలిన రోజుల్లో పిల్లాజెల్లలతో లోపలికి ఎక్కి నిచ్చెన పైకి లాగేసుకునేవారట. నేను కాపురానికి వచ్చేనాటికి మా మామగారి బురుజులో ఉన్నవల్లా విరిగిన కొడవళ్ళు, ఒక పాత ఉయ్యాల, గబ్బిలాలు. దాన్ని చూసి ఆహా అన్నవాడు ఒక్కడు లేడు. కోళ్ళు కూడా అందులో గుడ్లు పెట్టేవి కావు.

తోడికోడలి పేరు నజిబ్రోలా. మా బావగారు ముర్జాకాన్ భార్య. నాకంటే ముందు ఆ ఇంటికి వచ్చింది, నాకంటే పొడుగు, నాకంటే నెమ్మది. నెమ్మదిగా ఉండేవాళ్ళంటే నాకు మొదటినుంచీ పడదు. ఆవిడ కుబ్దారీ చేస్తే, అంటే మాంసం కూరి కాల్చే మా రొట్టె, అంచు ఎక్కడా పగలదు. నేను చేస్తే రసమంతా కారి పెనం మాడుతుంది. మా అత్త నా రొట్టె తిని ఒక్క మాట అనేది కాదు, రెండో ముక్క మాత్రం ఆవిడ పళ్ళెంలోంచి తీసుకునేది. అప్పుడు నజిబ్రోలా తల వంచుకుని పెదవి చివర నవ్వేది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపని ఊరికే అనలేదు. అది ఉత్త నవ్వో, ఎగతాళి నవ్వో నాకు తేలేది కాదు. తేలకపోవడంతోనే నాకు మంట ఎక్కువయ్యేది.

అత్త పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. మా దగ్గర పెద్దవాడు రెండు వాటాలు వేస్తాడు, చిన్నవాడు ముందుగా ఎంచుకుంటాడు. వేసినవాడే ఎంచుకుంటే తూకం ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు కదా. ముర్జాకాన్ ఒక వాటాలో పాత ఇల్లూ బురుజూ పెట్టాడు. రెండో వాటాలో వెనకవైపు కొత్తగా వేసిన గదులూ, ఎదుటి వాలు మీది గడ్డిమైదానమూ పెట్టాడు. నా మొగుడు జోకోలా నోరు తెరవకముందే ఆయన చెవిలో గడ్డి అన్నాను. బుద్ధున్న ఆడది ఎవరైనా అదే అంటుంది. ఏడాదిలో సగం పైగా మంచు కప్పే చోట ఆవు బతికేది ఎండుగడ్డి మీద, రాళ్ళ మీద కాదు. ఆ రోజు ఊరంతా నన్ను తెలివైనదంది. నజిబ్రోలా రొట్టెలు తెస్తానని లోపలికి వెళ్ళి చాలాసేపటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొయ్యి పొగ అంది. నేను లోపల్లోపల నవ్వుకుని, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆ తర్వాత మెస్తియా పట్నం నుంచి మా ఊరిదాకా రోడ్డు పడింది. రోడ్డు మీద జీపులొచ్చాయి, జీపుల్లో మనుషులొచ్చారు. వాళ్ళకు గడ్డి అక్కర్లేదు, రాళ్ళు కావాలి.

నజిబ్రోలా గబ్బిలాలను తోలేసింది. లోపల కొత్త నిచ్చెనలు వేయించింది. పైన కూర్చోవడానికి బల్ల పెట్టించింది. అక్కడ కూర్చుంటే రెండు శిఖరాలూ పళ్ళెంలో పెట్టినట్టు కనిపిస్తాయని వచ్చినవాళ్ళు చెప్పుకునేవారు. నేను ఎక్కి చూడలేదు, చచ్చినా ఎక్కనన్నాను. జీపు నడిపే ఎల్గూజా ఊరి మొదట్లో జనాన్ని దించి, బురుజు ఇల్లు ఇటు అని చెయ్యి చూపేవాడు. మా ఇల్లు అటు. అటు ఎవరికీ చూపేవాడు కాదు. ఆవిడ గదులు నిండిపోతేనే మిగిలినవాళ్ళు మా గుమ్మం ఎక్కేవారు. నా ఇంటిది ఎప్పుడూ రెండో పంక్తి భోజనమే.

బతికున్న అతిథులంటే సరే అనుకుందాం. ప్రతి జనవరిలో మా ఇళ్ళకు చనిపోయినవాళ్ళ ఆత్మలు వచ్చి కొన్నాళ్ళుండి పోతాయి. వాళ్ళ కోసం బల్ల మీద వండినవన్నీ పెట్టి ఉంచుతాం. అయితే వాళ్ళు వచ్చేది పాత పొయ్యి ఉన్న ఇంటికి. అంటే నజిబ్రోలా ఇంటికి. చచ్చిన మా అత్త కూడా నా గుమ్మం ముందు నుంచే నడిచి అక్కడికే వెళ్ళేదన్నమాట.

నాకు కావలసింది పెద్దదేం కాదు. జీపు దిగిన మనుషుల్లో ఒక్కరు, ఒక్క రోజైనా, నా పేరు పెట్టి, లామారా ఇల్లెక్కడ అని అడగాలి. ఆ మాట పక్కింట్లో ఆవిడ చెవిన పడాలి. నా ఆశంతా ఇంతే.

దాని కోసం జోకోలాను పీక్కుతిన్నాను. వసారా మీద ఇంకో వసారా వేయించాను. దూలాలు మోయించి, వడ్రంగిని పిలిపించి, వేసవంతా ఆయనకు నిద్ర లేకుండా చేశాను. చివరికి ఎక్కి చూస్తే, దాక్కున్న శిఖరం కొస మాత్రం బురుజు నెత్తిన టోపీ పెట్టినట్టు కనిపించింది. మా ఇంట్లో దిగిన ఒక పరదేశి కుర్రాడు అది చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇంకో అంతస్తు వేద్దామని నేనంటే జోకోలా సుత్తి కింద పెట్టేశాడు.

"ఇంకా పైకి కడితే ఉష్బా మీదే కాపురం పెట్టాలే, లామారా. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? మన వసారా నుంచి కనబడే శిఖరం కూడా కొండే కదా."

"మరి నువ్వు పోయి మీ అన్న బురుజు కప్పుకు పలకలు ఎందుకు పేరుస్తున్నావ్? కూలిపోనీ."

"మా నాన్న బురుజది," అని ఆయన మళ్ళీ పలకలు మోయడానికి వెళ్ళిపోయాడు. ఆ ఏడు నేను ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇక గడ్డిమైదానం సంగతి. మా దగ్గర కోయని గడ్డిలో కాలు పెట్టినవాడు దొంగతో సమానం. జూలై చివర వచ్చే క్విరికే పండగ దాటేదాకా ఎవరూ కొడవలి ముట్టరు, కన్నబిడ్డయినా గట్టు మీదే నడవాలి. తొక్కిన గడ్డి లేవదు, లేవని గడ్డి కొడవలికి అందదు, అందనిది చలికాలంలో ఆవు కడుపులో లోటై కనిపిస్తుంది. అలాంటిది, జూన్‌లో నడుం ఎత్తు పూలగడ్డి మధ్యలో పరదేశులు నిలబడి ఫోటోలు తీసుకునేవారు. దేనికని చూస్తే బురుజుకి. నా గడ్డి తొక్కి దాని గొప్ప పట్టుకుపోతారా అని నాకు ఒళ్ళు మండేది. మట్టిబెడ్డలు విసిరేదాన్ని, బసారాను ఉసిగొల్పేదాన్ని. బసారా మా కుక్క. దానికి నాకంటే రోషం ఎక్కువ, ఒకాయన ప్యాంటు కాలు చింపేదాకా వెళ్ళింది. ఎల్గూజా నన్ను చూసి, వదినా, నువ్వు ఒక్కదానివి ఉంటే సరిహద్దుకి సైన్యం అక్కర్లేదు అనేవాడు. వాడి వేళాకోళం నాకు మెప్పులాగే వినిపించేది.

ఒక మధ్యాహ్నం నజిబ్రోలా మా ఇంటికి వచ్చింది. వేరుపడ్డాక ఆవిడ మా గుమ్మం ఎక్కడం పండక్కో చావుకో. చేతిలో మొక్కజొన్న పిండీ జున్నూ కలిపి కాల్చిన రొట్టెలు. అంచులు ఎక్కడా పగల్లేదు. నేను ముందు చూసింది అదే.

ఆవిడ కాసేపు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడింది. బురుజు నిచ్చెనలు ఎక్కలేకపోతున్నానంది. పైకి టీ మోయలేకపోతున్నానంది. చివరికి నల్ల తలగుడ్డ కొస వేలికి చుట్టుకుంటూ అసలు సంగతి చెప్పింది.

"లామారా, నీకు ఇష్టమైతే మార్చుకుందాం. బురుజు మీరు తీసుకోండి. గడ్డిమైదానం మాకివ్వండి."

నా చెవులను నేను నమ్మలేదు. "ఎందుకక్కా?" అన్నాను.

"ఆవుల్ని అమ్మేసుకున్నాంగా. మళ్ళీ ఒకటి పెట్టుకోవాలని ఉంది. కొన్న పాలతో అతిథులకు పెరుగు తోడేస్తుంటే చెయ్యి రావట్లేదు."

అదొక కారణమా? ఆవు కోసం బురుజు ఇచ్చేసే వెర్రిది ఈ లోకంలో ఉంటుందా? నా బుర్ర గిర్రున తిరిగింది. మోకాళ్ళు పోయాయి కాబట్టి అవసరం మీద ఉంది, ఏ గడియలో మనసు మార్చుకుంటుందో తెలియదు, మొగుడు వద్దంటాడేమో, ఈలోపే పట్టేయాలి అనుకున్నాను. మొహంలో మాత్రం ఏమీ కనిపించనివ్వకుండా, ఆలోచిస్తాం అన్నాను. ఆవిడ గడప దాటేదాకా ఆగడానికి నా ప్రాణం పోయింది.

జోకోలా పొలం నుంచి రాగానే చెప్పాను. ఆయన గెంతులేస్తాడనుకున్నాను. గడ్డం గోక్కుంటూ కూర్చున్నాడు.

"తొందరేం? రేపు పొద్దున ఒకసారి మైదానంలోకి వెళ్ళి కూర్చో. చుట్టూ చూసిరా. ఆ తర్వాత చెప్పు."

"గడ్డిలో చూసేదేముంది? ఇన్నేళ్ళు కోశాను, ప్రతి పరకా తెలుసు."

"కోసేటప్పుడు కింద చూస్తావు కదే," అన్నాడు.

ఆయన ఎప్పుడూ ఇంతే. లాభం వచ్చి ఒళ్ళో పడుతుంటే నక్షత్రాలు లెక్కపెట్టే రకం. రేపటికల్లా ప్రమాణం అయిపోవాలని తెగేసి చెప్పాను.

మా దగ్గర ఇలాంటి మార్పిడికి కాగితాల కంటే గుడి ముఖ్యం. గుడి తాళాలు ఊళ్ళో ఒక పెద్దాయన దగ్గర ఉంటాయి. ఆయన తలుపు తీసి, లోపల పెట్టెలోంచి దేవుడి పాత వెండి పటాన్ని తీసి పెడతాడు. దాని ముందు ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ చెయ్యి పెట్టి మాట ఇస్తారు. ఇచ్చినదాన్ని మళ్ళీ అడిగితే నా పొయ్యి ఆరిపోవాలి, నా పిల్లల పొయ్యి ఆరిపోవాలి అని. ఆ తర్వాత మనవలు కూడా ఆ మాట తప్పరు. కోర్టులో ఓడినవాళ్ళు మళ్ళీ కోర్టుకెళ్తారు గానీ, పటం ముందు ఇచ్చిన మాటను మళ్ళీ కదిపినవాణ్ణి నేను చూడలేదు.

మగవాళ్ళిద్దరూ లోపలికెళ్ళారు. ఆడవాళ్ళం గడప బయట నిలబడ్డాం. నజిబ్రోలా నా వైపు తిరిగి, "లామారా, ఇంకోసారి ఆలోచించుకో తల్లీ. తర్వాత నన్ను అనకూడదు," అంది. వెనక్కి తగ్గడానికి దారి వెతుకుతోందని నాకు అర్థమైపోయింది. ఆలోచించేదేం లేదని, మీరే మాట మారుస్తారేమో చూసుకోమని మొహం మీదే అన్నాను. ఆవిడ మళ్ళీ తల వంచుకుంది. లోపల జోకోలా గొంతు వినబడింది, పొయ్యి ఆరిపోవాలి అంటూ. నాకు ఒళ్ళు ఝల్లుమంది, అది భయంతో అనుకునేరు, కాదు. గెలిచానని.

మర్నాడు తెల్లవారుతూనే బురుజు ఎక్కాను. నాలుగు నిచ్చెనలు, చీకటి, పాత పొగ వాసన. పైకి తల పెట్టేసరికి ఉష్బా మొత్తం ఎదురుగా ఉంది. రెండు శిఖరాలూ. ఏమీ అడ్డం లేదు. నేను బల్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను, సంతోషంతోనే. కింద మా తోడికోడలి పెరడు కనిపించింది. ఆవిడ ఆరేసిన బట్టలు తీసుకుంటోంది. అంత ఎత్తు నుంచి చూస్తే ఎంతో పొడుగనుకున్న మనిషి పిడికెడంత ఉంది. ఉష్బా కంటే అదే ఎక్కువసేపు చూశాను.

ఎల్గూజాకు చెప్పి పంపాను, బురుజు ఇప్పుడు మాదని. ఆ రోజు నుంచి జీపు దిగినవాళ్ళు మా వైపు వచ్చారు. మా పెరట్లోంచి బురుజుకి దారి తీయించాను. పైన బల్లకు కొత్త గుడ్డ పరిచాను. వచ్చినవాళ్ళు లామారా ఇల్లెక్కడ అని అడగలేదు, బురుజు ఎక్కడ అనే అడిగారు. ఫరవాలేదు, పేరు నెమ్మదిగా తెలుస్తుందిలే అనుకున్నాను.

కానీ రెండు మూడు రోజుల్లోనే ఒక సంగతి కనిపెట్టాను. ఎక్కినవాళ్ళు పైన ఎక్కువసేపు ఉండటం లేదు. నాలుగు నిచ్చెనలు ఎక్కుతారు, రొప్పుతారు, అబ్బ అంటారు, ఫోన్లు పైకెత్తుతారు, అంతలో చలిగాలికి ముక్కు తుడుచుకుంటూ దిగిపోతారు. నేను టీ కాచి తెచ్చేసరికి బల్ల ఖాళీ. దిగగానే అందరూ ఒకటే ప్రశ్న. ఈ బురుజు ఫోటో ఎక్కడి నుంచి తీస్తారు? ఊరు మొదట్లో పెట్టిన బొమ్మలో బురుజు ఉంది కదా, రెండు శిఖరాల మధ్యలో, అది ఎక్కడి నుంచి? బురుజు మీద నిలబడితే బురుజు కనిపించదు. ఆ మాట వాళ్ళు అడిగేదాకా నాకు తట్టలేదు.

ఎల్గూజా సిగరెట్టు తీసి ఎదుటి వాలు వైపు చూపించాడు. అందరూ అటు నడిచారు.

నేను పైకెక్కి చూశాను. మైదానంలో, క్విరికే పండగ ఇంకా రానే లేదు, నజిబ్రోలా గడ్డి కోయించింది. అంతా కాదు. గట్టు నుంచి మధ్యదాకా సన్నటి కాలిబాట, చివర గుండ్రంగా కొంత మేర. పండగకు ముందే కొడవలి పట్టిన ఇల్లాలు మా ఊళ్ళో అంతకుముందు లేదు. నాలుగు మోపుల పచ్చిగడ్డి పోతుంది, అంతే, మిగతా గడ్డి ఎవరూ తొక్కరు. ఇంత చిన్న ఉపాయం ఇన్నేళ్ళు మట్టిబెడ్డలు విసిరిన నా చేతికి రాలేదు. ఆ గుండ్రటి చోట జనం కూర్చున్నారు, పడుకున్నారు, పిల్లలు దొర్లుతున్నారు. కొత్త ఆవు గట్టున కట్టేసి ఉంది. ఆవిడ గిన్నెల్లో పెరుగు పోసి అందరికీ ఇస్తోంది. సూర్యుడు దిగి కొండ మీద ఎర్రటి వెలుగు పడేదాకా ఒక్కరు లేవలేదు.

నాకు కళ్ళలో నిప్పులు పోసినట్టయింది. బురుజు దిగి, వాగు దాటి, తలగుడ్డ జారిపోతున్నా చూసుకోకుండా ఎక్కాను. నేను వెళ్ళేసరికి జనం వెళ్ళిపోతున్నారు, ఆవిడ గిన్నెలు కడుగుతోంది.

"నీకు ముందే తెలుసు," అన్నాను. "అన్నీ తెలిసే నన్ను బుట్టలో వేశావు."

నజిబ్రోలా చేతులు తుడుచుకుంది. "జనం ఇక్కడ నిలబడతారని నాకేంటి, ఊరందరికీ తెలుసు. అందరికంటే నీకే బాగా తెలుసు, రాళ్ళేసింది నువ్వేగా."

"రాళ్ళు కాదు, మట్టిబెడ్డలు."

"సరే, మట్టిబెడ్డలు. నాకు కావలసింది వాళ్ళు కాదు లామారా, గడ్డి. వాళ్ళు వచ్చారు, రావద్దని ఎలా చెప్తాను?" అని గిన్నె బోర్లించింది. తర్వాత నా మొహం చూడకుండా, ఆవు వైపు చూస్తూ చెప్పింది. "పంపకాల రోజు పొయ్యి పొగ కాదే అది. మీ బావ వాటాలు వేస్తుంటే, చిన్నవాళ్ళు రాళ్ళు తీసుకోవాలి, రాళ్ళు తీసుకోవాలి అని దేవుడికి మొక్కుకున్నాను. నువ్వు జోకోలా చెవిలో చెప్పడం చూశాను. ప్రతి ఏడూ నువ్వు ఈడుపుబండి మీద గడ్డి వేసుకుని మా కిటికీ ముందు నుంచి పోతుంటే, ఆ వాసన రాకుండా కిటికీ మూసుకునేదాన్ని. నీ మీద ఎంత ఏడ్చానో ఆ దేవుడికే తెలుసు."

ఆవిడ, పగలని రొట్టెల నజిబ్రోలా, నన్ను చూసి ఏడ్చిందట. అదీ ఒకరోజు రెండు రోజులు కాదు, నేను కాళ్ళు నొప్పెట్టి, గడ్డి దురద పెట్టి, ఆ బండి ఈడ్చుకుంటూ, మూసిన కిటికీ చూసి పొగరు అనుకున్న ఏళ్ళన్నీ. అన్నేళ్ళు ఒకరు నన్ను చూసి కుళ్ళుకున్నారు, నాకు తెలియనే లేదు. తెలిసి ఉంటే ఆ ఏళ్ళన్నీ ఎంత సుఖంగా బతికేదాన్నో. ఇప్పుడు తెలిసింది, ఇప్పుడు ఆవిడకు కుళ్ళు లేదు. గడ్డి వాసన పీల్చుకుంటూ చల్లగా నిలబడి ఉంది.

"ఇప్పుడెందుకు చెప్తున్నావ్?" అన్నాను.

"ఇప్పుడు నొప్పి పోయింది కాబట్టి," అంది.

వెళ్ళిపోదామని వెనక్కి తిరిగాను. ఎదురుగా బురుజు ఉంది. ఒక్కోసారి మనం రోజూ చూసే మొహమే అద్దంలో చూసినట్టు కొత్తగా ఉంటుంది. రెండు జడల మధ్య పాపిడిలా, రెండు శిఖరాల మధ్య సన్నగా, నిటారుగా, ఎర్రటి వెలుగులో నిలబడి ఉంది. నేను ఆ మైదానంలో ఎన్ని వేసవులు గడిపానో. కోసేటప్పుడు కింద చూశాను, చూసినప్పుడు ఆవిడ బురుజని మొహం తిప్పుకున్నాను. దూరపు కొండలు నునుపంటారు. నా బురుజు నాకు నునుపుగా కనిపించాలంటే ఆవిడ గడ్డిలో నిలబడాలి. తిరిగి అడగడానికి లేదు. పొయ్యి ఆరిపోతుంది, పిల్లల పొయ్యి ఆరిపోతుంది.

ఇంటికొచ్చి జోకోలాతో ఏమీ చెప్పలేదు. ఆయన అడగలేదు. నా ముందు రొట్టె పెట్టి, తిను అన్నాడు. ఆయన మంచితనం కూడా ఆ రోజు నాకు గిట్టలేదు.

వారం తిరక్కుండానే ఒక సాయంత్రం ఎదుటి వాలు నుంచి నజిబ్రోలా గొంతు వినబడింది. మోకాళ్ళు పోయాయి గానీ ఆవిడ గొంతు వాగు దాటి వస్తుంది.

"లామారా, ఒకసారి బురుజు మీదికి ఎక్కు తల్లీ. పైన మనిషి ఉంటే ఫోటో బాగుంటుందట."

నా పెరట్లో బసారా మొరిగింది. ఎక్కనని అరవడానికి నోరు తెరిచాను. అప్పుడు తోచింది, నేను ఎక్కకపోతే ఆవిడ వేరే ఎవరినైనా పిలుస్తుందని. పిలుస్తుంది, ఎల్గూజా పెళ్ళాన్ని పిలుస్తుంది. నా బురుజు మీద ఇంకో ఆడది నిలబడుతుంది. మంచి తలగుడ్డ కట్టుకుని, నాలుగు నిచ్చెనలూ ఎక్కి, అంచున నిలబడ్డాను. ఎదుటి వాలు మీద చేతులు ఊపుతున్నారు. నేనూ ఊపాను. నవ్వమని ఎవరో అరిచారు. అంత దూరం నుంచి నా పళ్ళు కనిపిస్తాయా అని లోపల తిట్టుకుంటూనే నవ్వాను.

అప్పటి నుంచి అది రోజువారీ పనైంది. ఎండ ఎర్రబడగానే ఆవిడ పిలుస్తుంది, నేను ఎక్కుతాను.

శీతాకాలం ముందు ఉప్పు కొనడానికి మెస్తియా వెళ్ళాను. అంగడి గుమ్మంలో పోస్టుకార్డులు వేలాడదీశారు. మధ్యలో ఉన్నది మా ఉష్బా, రెండు శిఖరాలూ. వాటి నడుమ నా బురుజు. బురుజు నెత్తిన చీమంత నల్లటి చుక్క, అది నేను. కింద అచ్చక్షరాల్లో పేరు వేశారు, నజిబ్రోలా పచ్చిక నుంచి ఉష్బా అని. అంగట్లో పిల్లను పిలిచి, ఈ పేరెవరు పెట్టారని అడిగాను. ఎవరూ పెట్టలేదని, వచ్చినవాళ్ళందరూ అలాగే అంటున్నారని చెప్పింది. జీపు దిగగానే అదే అడుగుతున్నారట, నజిబ్రోలా పచ్చిక ఎక్కడ అని. ఆ గడ్డి ఇన్నేళ్ళు కోసింది నేను. దాని మీద నా పేరు పడలేదు.

ఈ చుక్క ఎవరో తెలుసా అని ఆ పిల్లను అడిగాను. ఆమె కార్డును మొహం దగ్గర పెట్టుకుని చూసి, కాకి అనుకున్నానండీ అంది.

ఉప్పు కొన్నాను. పక్క అంగడికి వెళ్ళి తలగుడ్డలు చూపించమన్నాను. వాళ్ళు నల్లవీ గోధుమరంగువీ తీశారు, నా వయసుకు అవే బాగుంటాయన్నారు. అవన్నీ వెనక్కి నెట్టేసి, అక్కడున్నవాటిలో అన్నిటికంటే ఎర్రటిది తీసుకున్నాను. వచ్చే వేసవిలో కాకి అనడానికి ఎవరికీ నోరు రాకూడదు.